గ్లెన్ అంకుల్ ఎడమచెయ్యి

ఆదివారం, కేంబ్రిడ్జ్, కెనడా

పక్షవాతం వచ్చాక మా ఇంటి ఓనర్ గ్లెన్ అంకుల్ ఇవాళే మళ్లీ గిటార్ తీశారు. నలభై ఏళ్లు ఊరూరా బార్లలో రాకబిల్లీ అనే హుషారు డాన్సు పాటలు వాయించిన మనిషి. ఇప్పుడు ఎడమచెయ్యి లేవదు. అందుకని గిటార్ ఆయన ఒళ్లో ఉంటే, పక్కన కూర్చుని తీగలు నేను నొక్కాను. కుడిచేత్తో ఆయన తన పాత పాటొకటి మీటారు.

"ప్రార్థనలా నొక్కుతున్నావేంటి! జనం డాన్సు చెయ్యాలి," అని కసిరారు.

గుంటూరు చర్చిలో నేర్చుకున్న వేళ్లు, అవి మాత్రం ఏం చేస్తాయి? చివరికి ఆయనే వేగం తగ్గించారు. ఆ హుషారు పాట ఎంత మెత్తగా వచ్చిందో!

"నా పాటని ఇలా నేనెప్పుడూ వినలేదు," అన్నారు.

వచ్చే నెల ఇల్లు ఖాళీ చేసి మిస్సిసాగాలో జాబ్‌లో చేరాలి. అది చెబుదామనే నేనుండే బేస్‌మెంట్‌లోంచి పైకి వెళ్లా.

"రేపు ఇంకో పాట," అన్నారు.

సరే అంకుల్ అన్నా.