దిగువ ఊరి బురద

జనవరి 12, 2004

ట్యాంకులన్నీ తెల్ల నురగ. శుక్రవారం దాకా కాఫీ రంగులో ఉండేవి. వీకెండ్‌లో ఎవరో మహానుభావుడు ఏదో విషం డ్రెయిన్‌లోకి వదిలాడు. మైక్రోస్కోప్ కింద ఒక్క ప్రాణీ కదల్లేదు. ఊరి మురుగంతా తిని నీళ్లని శుభ్రం చేసేది కంటికి కనపడని ఆ బగ్సే. అవి చచ్చాక ఇది ప్లాంటూ కాదు, నేను సూపరింటెండెంటూ కాదు. చేపల్ని చంపే అమోనియా అలాగే నదిలోకి పోతోంది.

వచ్చే నెల గుడ్లు పెట్టడానికి ఎదురెక్కి వచ్చే చేపల సంగతేంటని మా ఆపరేటర్ డేల్ అడిగాడు.

జనవరి 14

ఈ చలికి కొత్తవి పెరగవు. పెరిగేలోపు నదిలో చేపలు ఖాళీ అవుతాయి. బతికున్న ప్లాంటు నుంచి బగ్స్ ఉన్న బురద తెచ్చి, పాలకి వేసినట్టు తోడు వేయాలి. ఇంత చలిలోనూ బాగా నడుస్తున్న ప్లాంటు దగ్గర్లో ఒక్కటే. నది దిగువన, పక్క ఊళ్లో. దాని సూపరింటెండెంట్ రాధారాణి.

ఫోన్ చెయ్యను.

జనవరి 14, సాయంత్రం

మావారు ఫోన్ చెయ్యమన్నారు. ఆయనకేం, చెప్తారు.

డెబ్బై ఏడులో నేను అమెరికాలో ఈ ఊరొచ్చినప్పుడు గిన్నెలో మొదటి తోడు తెచ్చిచ్చింది రాధారాణే. స్టోర్ పెరుగుతో ఎన్నిసార్లు వేసినా తోడుకోక ఏడుపు మొహంతో ఉండేదాన్ని. తర్వాత ఈ ల్యాబ్‌లోకి లాక్కొచ్చిందీ తనే. ఇద్దరం కెమిస్ట్రీ ఎమ్మెస్సీలం, ఇద్దరం మురుగునీళ్ల పాలు. ఉగాది ఫంక్షన్‌కి వెళ్లేముందు కార్లో పౌడర్ డబ్బా కుమ్మరించుకుని, ఒకరి జడ ఒకరం వాసన చూసుకునేవాళ్లం. ఎక్కడమ్మా జాబ్ అని ఎవరైనా అడిగితే వాటర్ డిపార్ట్‌మెంట్ అని దొరసానిలా చెప్పేది. నేను నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తేదాన్ని.

మైక్రోస్కోప్‌లో రోటిఫర్ అనే బుల్లి ప్రాణి కనిపిస్తే తెలిసినవాళ్ల పేర్లు పెట్టేది. అటూ ఇటూ తిరుగుతూ దొరికిందల్లా మింగేదానికి మా తెలుగు అసోసియేషన్ ప్రెసిడెంట్ పేరు. అంత నవ్వు నేను మళ్లీ నవ్వలేదు. ఆ రోజులు కావాలి నాకు.

ఈ సూపరింటెండెంట్ పోస్టు ఖాళీ అయితే ఇద్దరం అప్లై చేశాం. నాకొచ్చింది. తను దిగువ ఊరికి వెళ్లిపోయింది. పోట్లాడుకున్నా బాగుండేది. అదీ లేదు, మాట్లాడుకోవడం మానేశాం. పన్నెండేళ్లు! నేనేమైనా దొంగిలించానా ఉద్యోగం? ఇంటర్వ్యూ చేసే కదా ఇచ్చారు.

జనవరి 15

పొద్దున్నే మా పైపు నదిలో కలిసే చోటికి వెళ్లాను. ఒడ్డు పక్కన చిన్న చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కొన్ని అప్పటికే వెల్లకిలా తేలాయి. వెనక్కొచ్చి ఫోన్ చేశాను.

ఇంగ్లీషులో మాట్లాడింది. ఎన్ని ట్యాంకర్లు కావాలంది. నీళ్ల టెంపరేచర్ ఎంతంది. విషం పూర్తిగా పోయిందా, లేకపోతే నా బగ్స్‌ని కూడా చంపుతావు అంది. తెలుగులో మొదలుపెట్టిన నేను సిగ్గుపడి ఇంగ్లీషులోకి దిగాను. ఎలా ఉన్నావని తను అడగలేదు. నేనూ అడగలేదు. ఫోన్ పెట్టేశాక రెస్ట్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను. యాభై ఎనిమిదేళ్ల ఆడదాన్ని.

జనవరి 17

ట్యాంకర్లొచ్చాయి. చిక్కటి బురద, తొలకరి మట్టి వాసన. ఆ చలిలో మేడమ్ దగ్గరుండి ప్రతి లోడూ మైక్రోస్కోప్‌లో చూసిందని డ్రైవర్ చెప్పాడు. ఒకటి నచ్చక ఒంపించేసి మళ్లీ నింపించిందట. మారలేదు.

జనవరి 20

అమోనియా దిగలేదు.

జనవరి 27

కొంచెం దిగింది. డేల్ ట్యాంకుకి గుడ్ మార్నింగ్ చెప్పాడు. పిచ్చివాడు. నేనూ చెప్పాను.

ఫిబ్రవరి 9

నురగ మళ్లీ కాఫీ రంగు. అమోనియా దాదాపు లేదు. స్లైడ్ మీద ఒక రోటిఫర్, భలే హుషారుగా ఉంది. ఎవరి పేరు పెట్టాలో తోచలేదు, అది తన పని. పైపు దగ్గర పెద్ద చేపలు ఎదురీదుతూ పోవడం చూశాను. థాంక్యూ అని ఈ-మెయిల్ రాసి డిలీట్ చేశాను. మళ్లీ రాసి మళ్లీ డిలీట్ చేశాను.

ఫిబ్రవరి 11

రాధారాణి ఫోన్. బతికాయా అని ఇంగ్లీషులోనే అడిగింది. బతికాయి, చేపలూ వస్తున్నాయన్నాను.

తర్వాత తెలుగులో అడిగింది, ఇవాళ ఏం కూర వండావని.