మీరాన్ నీళ్ల కుండ

జోంగ్‌సొన్ కొండ ఊరు,
1984 ఆగస్టు 19.

కోడలు, మీరాన్ అమ్మకు మామ ఆశీస్సులు.

ఈ ఎండల్లో ఆ పట్నంలో కుట్టుమిషన్ల గదిలో ఎలా ఉన్నావో తల్లీ. ఇక్కడ వానల్లేవు. నాకు రాయడం అంతగా చేతకాదు. అయినా ఈ సంగతి నేనే రాయాలనుకున్నాను.

మీరాన్ ఆస్పత్రిలో ఉంది. ప్రాణానికి భయం లేదన్నారు.

నేను కొండమీద దుంపలు తవ్వుతూ అక్కడే గుడిసెలో ఉండిపోయాను. ఇక్కడ పిల్ల రోజూ పక్క తడుపుతోందని మీ అత్త, మన ఊళ్లో అందరూ చేసినట్టే, సిగ్గుపడి మానేస్తుందని దాని నెత్తిన చేట బోర్లించి ఇరుగింట్లో ఉప్పు అడుక్కురమ్మని పంపింది. దొక్బే అమ్మ ఉప్పు పోసి, గరిటెతో చేటమీద ఒక్కటిచ్చి, ఏమే, వానల్లేని ఏడు, మా దుంపచేలో వచ్చి పడుకోరాదటే అందట. వాకిట్లో అందరూ నవ్వారట. పిల్ల మాత్రం, పెద్దమ్మా, కాసిని మంచినీళ్లియ్యవా అని అడిగిందట.

ఆనాటినుంచి మీ అత్త నీళ్ల కుండను అటకెక్కించింది. తాగకపోతే ఎలా పోస్తుందో చూస్తానంది. పిల్ల తాగకపోయినా పోస్తూనే ఉంది. కోళ్ల తొట్టిలో నీళ్లు తాగబోతే మీ అత్త చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. చివరికి పిల్ల కళ్లు తేలేసింది.

డాక్టరు ఓపికగా చెప్పాడు. తలలో చిక్కుడుగింజంత గ్రంథి ఉంటుందట. ఒంట్లో నీళ్లను నిలబెట్టే హార్మోను అది వదలాలట. మీరాన్‌కు అది లేదు. ఇది చక్కెర జబ్బు కాదట. తాగినందుకు పోయడం లేదు తాతా, ఒంట్లో నీరు పోతోంది కాబట్టే తాగుతోంది, నీళ్లు ఆపితే బతకదు అన్నాడు. ముక్కులో వేసే మందిచ్చాడు. పిల్ల మాట్లాడుతోంది. కుడిచెయ్యి మాత్రం అన్నం తినే పుల్లలు పట్టుకోవడం లేదు. ఆ పట్టు తిరిగొస్తుందో రాదో చెప్పలేమన్నాడు.

మీ వంశంలో ఇంకెవరికైనా ఉందా అని అడిగాడు. మీ అత్త వెంటనే, మా ఇంట్లో ఇలాంటివి లేవు బాబూ, తల్లి పుట్టింటిదే అయ్యుంటుంది అంది. నేను నా సొరబుర్ర ఎత్తి నీళ్లు తాగాను.

నువ్వు బయల్దేరి రా. కుండ కిందికి దించాను.

మీ మామ,
ప్యో మన్‌సిక్

తా.క.: మీ అత్త బయటికెళ్లాక డాక్టరుతో చెప్పాను. నాకు చిన్నప్పటినుంచీ ఇంతే. సొరబుర్ర నిండా నీళ్లు లేకుండా చేనుకు పోలేను. నీ మొగుడూ అంతే, నీకు తెలుసు. మా మగాళ్ల అలవాటనుకున్నాం. గని కూలినప్పుడు కూడా లోపల రోజుల తరబడి చిక్కుకున్నవాళ్లంతా బతికొచ్చి వాడొక్కడే పోతే, పిరికివాడు, భయంతో పోయాడని ఊరంతా అంది. నీకూ అదే చెప్పాం. కాదు తల్లీ. వాడు దాహంతో పోయాడు. ఈ మాట మీ అత్తకింకా చెప్పలేదు. నువ్వొచ్చాక నీ ఎదురుగానే చెప్తాను.