తాడు కట్టిన మడి

జూన్ 2
ఐదింటికి లేచాను. ప్రార్థన చేసుకుని టీ కాచాను. మరదలు కూతురికి జడ వేస్తోంది. గ్లాసు పెట్టడానికి చోటు లేకుండా తమ్ముడు బల్ల మీద తాడు, మేకులు, టేపు పరిచాడు. వాడు కాలేజీలో మొక్కల సైన్సు చెబుతాడు.

"అక్కా, అడవి కొండ వాలు మీద రెండు మళ్ళు గీస్తున్నా. ఒకదాంట్లో ఎప్పట్లాగే దుంపలు తవ్వు. తాడు కట్టినదాన్ని మాత్రం ముట్టుకోకు. మూడు నెలలు."

"ఎందుకురా?"

"మనం తవ్వడం వల్ల మొక్క తగ్గట్లేదని లెక్క చూపించాలి. లేకపోతే అటవీ ఆఫీసు వాళ్ళు కంచె వేసేస్తారు."

అమ్మమ్మల కాలం నుంచి ఆ దుంపలే మాకు తిండి. పెద్ద దుంప తీసుకుంటాం. పిల్లదుంపలు విడదీసి అక్కడే పాతుతాం.

సంకల్పం: తాడు లోపల చెయ్యి పెట్టను. దేవుడే సాక్షి. మరదలు వింటుండగానే ఒట్టు పెట్టుకున్నాను.

జూన్ 5
మూడు రోజులు గడిచాయి. తేలికే. ఇవతల నిలబడి చూశాను. చూడటం ముట్టుకోవడం కాదు.

జూన్ 14
తాడు లోపల మొక్కలు ఆఫీసు వేళ బస్సులో జనంలా ఉన్నాయి. తమ్ముడికి చెప్పాను.

"ఏమవుతుందో చూడటమే కదక్కా మన పని."

ఊపిరాడని వాళ్ళను చూస్తూ నిలబడటానికి ఇంత చదువు చదవాలని తెలియదు.

జూన్ 21, ఉదయం ఆరు
ప్రార్థన కోసమే తాడు లోపలికి వెళ్ళాను. మోకరిల్లిన చోట ఒక దుంప పైకి తేలి ఉంది. లోపలికి నొక్కాను. అంతే.

జూన్ 22
తాడు లోపల నాలుగు దుంపలు తీశాను. పిల్లదుంపలను విడదీసి పాతాను. పెద్దవాటిని కూడా తిరిగి పాతేశాను. ఇంటికి ఏదీ తేలేదు కాబట్టి తవ్వినట్టు కాదు.

జూలై 10
సగం మడి పూర్తయింది. తమ్ముడు మట్టి చూసి ఆగాడు.

"ఏదో జంతువు కెలికిందక్కా."

"పాడుచేసిందా?"

"లేదు. ఒద్దికగా కెలికింది."

సంతోషం కలిగింది. దేవుడు క్షమించాలి.

జూలై 28
తవ్వమన్న మడికి వెళ్ళే తీరిక దొరకడం లేదు.

ఆగస్టు 30
తమ్ముడు లెక్క పెట్టాడు. తాడు కట్టిన మడిలో రెండు వందల పన్నెండు మొలకలు. నేను తవ్వాల్సిన మడిలో తొంభై ఆరు.

తమ్ముడు నేల మీదే కూలబడ్డాడు. "మనమే పాడుచేస్తున్నామక్కా. రేపు ఆఫీసులో ఇదే రాసివ్వాలి."

"రాయకపోతే ఏమవుతుంది?" అంది మరదలు.

"అబద్ధం ఎలా రాయను?"

అప్పుడు చెప్పాను. ముట్టుకోవద్దన్నదే రోజూ ముట్టుకున్నానని, తవ్వమన్నదాన్ని వదిలేశానని.

వాడు లేచి రెండు మళ్ళనూ మళ్ళీ చూశాడు. "అయితే మన పద్ధతి మంచిదే. నా పరిశోధనే మట్టిలో కలిసింది."

"దేవుడి మీద ఒట్టు పెట్టుకున్నావు కదా వదినా!" అంది మరదలు.

"దేవుడికి ఏ రోజుకారోజు చెప్పుకున్నాను. వీడికే చెప్పలేదు."

సాయంత్రం అందరం కూర్చుని నిర్ణయించింది: రేపు తమ్ముడితో నేనూ ఆఫీసుకు వెళ్ళాలి. జరిగింది నా నోటితోనే చెప్పాలి. ఇంకో ఏడాది గడువు అడగాలి. ఇస్తే మళ్ళీ మొదటి నుంచి రెండు మళ్ళు. ముట్టుకోకూడని మడికి ఈసారి తాడు కట్టరు. అది ఎక్కడుందో నాకు చెప్పరు. ఈ మాట మరదలిది. అందరూ సరే అన్నారు. నేనూ అన్నాను.

సంకల్పం: వెతకను.