మూడు చిరుతలు, ఒక గుమ్మడి పాదు

మెదక్, 3 జనవరి 1949

అడవి కాసే జంగ్లాత్ చౌకీదార్ గాలయ్యకు యోసేపు రాయునది. దేవుని దయవల్ల ఇక్కడ అందరం క్షేమం.

ఈ రెండేళ్ల గడబిడలో హవేలిఘనపూర్ అడవిని ఇష్టం వచ్చినట్టు నరికేశారు కదా. ఇంకా ఏ చెట్లు మిగిలాయో, ఏ జంతువులు ఉన్నాయో సర్వే చేయమని నాకు అప్పగించారు. తాడుతో పన్నెండు చదరాలు కట్టి, లోపలున్న మోడూ మొక్కా పిట్టా అన్నీ రాయాలి. అయితే నీ రిజిస్టరులో కిందటి ఏప్రిల్ నుంచి గుట్ట మీద మూడు చిరుతలని ఉంది. అవి ఏ వేళ తిరుగుతాయి? నాకు పెళ్లాం, నలుగురు పిల్లలు ఉన్నారు.

ఇట్లు,
యోసేపు

తా.క. చిరుతలు చెట్లెక్కుతాయా? వెంటనే జవాబు రాయి. ఒక చెట్టు చూసి పెట్టుకున్నాను.

హవేలిఘనపూర్ చౌకీ, 7 జనవరి

యోసేపు సారుకు గాలయ్య దండాలు పెట్టి రాయించునది.

చిరుతలు చెట్లెక్కుతాయి. తిండి కూడా చెట్ల మీదే తింటాయి. మూడూ మహా కోపిష్టివి. అందులో ఒకటి గుడ్డిది కాబట్టి వచ్చింది సర్కారు మనిషా కాదా అని చూడదు. తమరు గుట్ట వైపు రావద్దు. కింది చదరాలు రాసుకోండి, పైవి నేను నోటితో చెబుతాను.

ఇట్లు,
నిశాని గాలయ్య

తా.క. సారూ, నిశాని ఏలిముద్ర ఈయనది, ఉత్తరం రాసేది నేను, గాలయ్య పెండ్లాన్ని వజ్రమ్మను. మిషన్ బడిల చదువుకున్న. ఈయన మొదలు ఐదు చిరుతలన్నడు. రిజిస్టర్ల మూడే ఉన్నయని నేనే యాది చేసిన.

మెదక్, 12 జనవరి

గాలయ్యకు యోసేపు రాయునది.

నువ్వు సంతకు పోయిన రోజున ఆరుగురు మనుషులతో, రెండు డప్పులతో గుట్ట ఎక్కాను. ఏడో చదరంలో నాకు మతి పోయింది. టేకు మోడుల మధ్య గుమ్మడి పాదు, మిరప చెట్లు, గోంగూర! ఇవి అడవిలో కలిసి పెరుగుతాయని ఏ పుస్తకంలోనూ లేదు. పక్కన చిరుతల గుహలో నూరుడు బండ, పసిపిల్ల కాలి కడియం ఒకటి. ఇవి మనుషులను తినే చిరుతలు! ఒకదాని తోక నా కళ్లతో చూశాను. పై దొరకు రాసేశాను. నెలాఖరుకు హైదరాబాదు నుంచి నలుగురు వేటగాళ్లు తుపాకులతో వస్తున్నారు. చిరుతలను నువ్వే చూపించాలి. లేకపోతే దొంగరాత రాశావని నీ నౌకరి ఊడుతుంది.

ఇట్లు,
యోసేపు

తా.క. గుమ్మడికాయ ఒకటి తెచ్చాను. సర్కారు అడవిలోది, వండవచ్చో లేదో తెలియక ఇంటిల్లిపాదీ దాన్ని చూస్తూ కూర్చున్నాం.

హవేలిఘనపూర్ చౌకీ, 16 జనవరి

యోసేపు సారుకు గాలయ్య కాళ్లు మొక్కి రాయించునది.

చిరుతలు లేవు సారూ. ఒక్కటీ లేదు. ఏప్రిల్లో రజాకార్లు గుట్ట కింది పల్లెను తగలబెడితే నలభై మంది పిల్లాజెల్లాతో నా చౌకీ ముందు నిలబడ్డారు. "ఏడికి పోవాలె గాలయ్యా?" అని అడిగితే గుహ చూపించాను. రజాకార్లు వెతుక్కుంటూ వచ్చినప్పుడు "మీద పిల్లలు పెట్టిన చిరుతలున్నయి, పోతే పోండ్రి" అన్నాను. వజ్రమ్మ చేత రిజిస్టరులో రాయించి మరీ చూపించాను. ఐదు నెలలు ఒక్కడూ గుట్ట ఎక్కలేదు. ఆ పాదులు వాళ్లు పారేసిన గింజలవే. కడియం అక్కడ పుట్టిన పిల్లది. సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చాక అందరూ దిగిపోయారు. చిరుతలను మాత్రం రిజిస్టరులోంచి ఎలా దింపాలో తెలియలేదు. ఈ నౌకరి పోతే మాకు వేరే ఆధారం లేదు.

ఇట్లు,
నిశాని గాలయ్య

తా.క. ఆ బండ నాది, వజ్రమ్మది సారూ. చిరుతలు మిరపకాయలు నూరుకుంటయా, జర సోంచాయించుండ్రి. మీరు చూసిన తోక కొండముచ్చుదై ఉంటది. బండ పంపుండ్రి.

మెదక్, 26 జనవరి

గాలయ్య గారికి యోసేపు నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం చదివాను. ప్రాణం ఎంత హాయిగా ఉందో! చివరి ఐదు చదరాలు నేను చెట్టు మీద కూర్చునే రాశాను. ఈ సంగతి మనలోనే ఉండాలి.

సర్వే కాగితంలో తోక కొండముచ్చుదేనని దిద్ది, చిరుతల గడిలో ఇలా రాశాను: "ఏప్రిల్లో వచ్చినవి. సెప్టెంబరులో పోలీసు యాక్షన్ జరిగిన వారంలో వెళ్లిపోయినవి. కారణం తెలియదు." వెంటనే పై దొర పిలిపించాడు. మీ నౌకరి, నా నౌకరి రెండూ పోయాయనుకుంటూ వెళ్లాను. ఆయన బల్ల మీద చేగుంట, కుల్చారం రిజిస్టర్లు తెరిచి ఉన్నాయి. చేగుంటలో రెండు ఎలుగుబంట్లు, కుల్చారంలో ఒక పెద్దపులి. అన్నీ ఆ వేసవిలోనే వచ్చాయి. అన్నీ మీ చిరుతలు పోయిన వారంలోనే పోయాయి. దొర రెండు రిజిస్టర్లూ మూసి, "వేటగాండ్లను రావద్దని రాయి యోసేపూ" అన్నాడు.

ఇట్లు,
మీ యోసేపు

తా.క. బండ, కడియం పంపుతున్నాను. గుమ్మడికాయ వండుకున్నాం, కమ్మగా ఉంది. ఏడో చదరంలోని మొక్కలు ఎలా వచ్చాయన్న గడిలో పిట్టలు తెచ్చాయని రాశాను. ఎన్ని పిట్టలు అన్నచోట నలభై ఒకటి అని వేశాను.