కదలకండి, ఇప్పుడే వస్తాను

అక్కయ్యకు,

తమ్ముడు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. నా పొట్ట ఒక్కటి తప్ప ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ బావగారూ అక్కడ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. ఈపాటికి నన్ను నాలుగు తిట్టే ఉంటావు. తిట్టు. ఎందుకు ఆలస్యమైందో చివర్లో చెబుతాను. ముందు నువ్వడిగినవాటికి వరసగా జవాబులు రాయనీ.

కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్న వయసే గానీ ఆవిడ చాలా ఓపిగ్గా విన్నారు. రక్తం, స్కానింగు, గొట్టం వేసి చూడడం, అన్నీ మళ్ళీ మొదటినుంచీ అయ్యాయి. రిపోర్టులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. ‘మీ పేగుల్లో పుండు లేదు, గడ్డ లేదు. పేగులకీ మెదడుకీ మధ్య కబుర్లు సరిగ్గా నడవట్లేదు. మామూలు మాట కూడా వాటికి కేకలా వినపడుతోంది’ అన్నారు. దాన్ని ఐ.బి.ఎస్. అంటారట. ప్రాణం తీయదట, పూర్తిగా పోనూ పోదట. నీ చెవులకు మాట అందదు, నా పేగులకు అక్కర్లేనంత అందుతుంది. ఒక్క కడుపున పుట్టి భలే పంచుకున్నాం మనం.

వికారం తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు. పొద్దున్నే బ్రష్షు నోట్లో పెట్టడంతో మొదలవుతుంది. వాంతి అయిపోతే కాస్త తెరిపిన పడేవాణ్ణి. అదీ కాదు. గొంతు దాకా వచ్చి, సాయంత్రం దాకా అక్కడే కూర్చుంటుంది. బుగ్గన అల్లం ముక్క పెట్టుకుని పని చేసుకుంటున్నాను. నా కోసం నీ మరదలు పొయ్యి మీద నూనె కాచడమే మానేసింది, నాతోపాటు తనూ చప్పిడి తిండే తింటోంది. నువ్వెందుకు నోరు కట్టుకుంటావని పోట్లాడితే, ‘నేను సన్నబడదామనుకుంటున్నా లెండి’ అంటుంది. ఆమె ఇంకా సన్నబడితే గాలికి ఎగిరిపోతుంది. ఆ మాట విన్నరోజు స్టూడియోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాను.

ఇంకా గుమ్మం దగ్గరే కూర్చుంటున్నావా అని వెక్కిరించావు. గుమ్మం వదలనివాణ్ణని నువ్వు పెట్టిన పేరు నిలబెట్టుకుంటున్నాను. ఏ ఇంట్లో అడుగు పెట్టినా ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూస్తాను, మనుషుల్ని తర్వాత చూస్తాను. చిన్నప్పుడు బడికి టైమైపోతోందని నువ్వు బాత్రూమ్ తలుపు బాదేదానివి, గుర్తుందా? అమ్మ నిన్ను అవతలికి లాగేసి, ‘తొందరేం లేదురా, నిదానంగా రా. నేనిక్కడే ఉన్నా’ అనేది. ఆ గొంతు వింటే పొట్ట కాస్త సర్దుకునేది. ఇన్ని మందులు వాడాను గానీ అంత బాగా పనిచేసింది ఒక్కటీ లేదు.

స్టూడియో నడుస్తోంది. పోయిన ఏడాది జరిగింది ఒకటి నీకు రాయలేదు. ఒక పెద్దాయన ఎనభయ్యో పుట్టినరోజని కుటుంబం మొత్తం ఫొటోకి వచ్చారు, ఆరుగురు. అందరినీ కూర్చోబెట్టి, గడ్డాలు ఎత్తించి, లైట్లు సర్దేసరికి కడుపులో మెలి తిరిగింది. ‘కదలకండి, ఇప్పుడే వస్తాను’ అని పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి పావుగంట దాటింది. ఆరుగురూ అలాగే ఉన్నారు, ఆ నవ్వులతో సహా. పెద్దాయనకు చెమటలు కారుతున్నాయి. ‘మీరే కదా బాబూ కదలొద్దన్నారు’ అన్నాడు, పెదవులు కదపకుండా. అమ్మకు చెబితే కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

ఇప్పుడు నేను ఎవరినీ కదలొద్దని అనడం లేదు. ‘మామూలుగా కూర్చోండి’ అంటున్నాను. వాళ్ళు కదులుతున్నారు, ఫొటోలు చెడుతున్నాయి, మళ్ళీ తీస్తున్నాను. ఎందుకిలా చేస్తున్నావని నీ మరదలు రెండుసార్లు అడిగింది. ఆమెకు చెప్పలేదు. ముందు నీకు చెప్పాలి.

ఉత్తరం చివర నువ్వు రాసిన మాటలు ఎన్నిసార్లు చదివానో. ‘అమ్మ ఆఖరి మాటలు నీ దస్తూరితో రాసి పంపు. ఆ రోజు ఫోన్లో సగమే వినపడింది. నా మీద కోపం లేదంది అన్నది మాత్రం స్పష్టంగా విన్నాను. ఆ ఒక్క మాట పట్టుకునే ఈ ఎనిమిది నెలలూ కంటినిండా నిద్రపోతున్నాను’ అని రాశావు.

పన్నెండు రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్లో నోరు జారింది. అదే అబద్ధం నా చేత్తో రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. అక్కయ్యా, అమ్మ ఆ మాట అనలేదు. ఆమె పోయేటప్పుడు నేను పక్కన లేను.

ఆ రోజు పొద్దున పది గంటలకు ఆమె కాస్త తేరుకుని ఉంది. వార్డులో తలుపు దగ్గరి మంచమే అడిగి తీసుకున్నాను, అది నీకు తెలుసు. నా చేతిలో ఆమె చెయ్యి ఉంది. అప్పుడే నా పొట్టలో మొదలైంది. పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. అమ్మ నా ముఖం చూసి కనిపెట్టేసింది. ‘వెళ్ళిరా’ అంది. నేను లేచి, అలవాటైన నోరు కదా, ‘కదలకమ్మా, ఇప్పుడే వస్తా’ అన్నాను. ఆమె నవ్వింది. ఆ పెద్దాయన గుర్తొచ్చి ఉంటాడు. ‘తొందరేం లేదురా, నిదానంగా రా. నేనెక్కడికి పోతాను’ అంది.

నిదానంగానే వచ్చాను. లోపల ఉండగా వరండాలో ఎవరో పరుగెత్తిన చప్పుడైంది. ఎవరికో ఏదో అయింది, పాపం అనుకున్నాను. వచ్చేసరికి నేను వదిలి వెళ్ళినట్టే ఉంది. గడ్డం కొంచెం పైకెత్తి, చెయ్యి దుప్పటి మీద, కదలకుండా. ‘ఎక్కడికెళ్ళారండీ’ అని నర్సు అడిగితే మందుల షాపుకని చెప్పాను. అప్పుడు కూడా సిగ్గే అడ్డొచ్చింది నాకు.

తర్వాత వరండాలోంచి నీకు ఫోన్ చేశాను. నీకు వినపడాలంటే గట్టిగా అరవాలి. చుట్టూ పదిమంది ఉన్నారు. ‘నా గురించి ఏమైనా అందా’ అని నువ్వు అటునుంచి అరుస్తున్నావు. నేను బాత్రూమ్‌లో ఉన్నానని అంతమందిలో అరవలేకపోయాను. ‘కోపం లేదంది’ అని అరిచాను. చిన్న మాట, ఒక్కసారికే నీకు అందింది. నువ్వొచ్చి ఉన్న రెండు రోజులూ నీ కళ్ళల్లోకి చూడలేదు. పొట్ట బాగాలేదనుకుని నువ్వే నాకు జావ కాచి ఇచ్చావు. అది తాగుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

రెండేళ్ళ కిందట నలుగురి ముందు అమ్మ, ‘చెవులు పోతే పోయాయి, ఆ నోరైనా కాస్త తగ్గించుకో’ అన్నప్పుడు నువ్వు కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయావు, ఆమె ఉండగా మళ్ళీ రాలేదు. ఆ మాట తప్పని ఆమె ఒప్పుకుందా అంటే, లేదు. నా దగ్గర నిజంగా ఉన్నది ఒక్కటే, అది ఇస్తాను. పోవడానికి మూడు రోజుల ముందు పిల్లలెంతమందని నర్సు అడిగింది. ‘ఇద్దరమ్మా. వీడు గుమ్మం వదలడు, పెద్దది గడప తొక్కదు. మొండిఘటం, అచ్చం నా పోలికే’ అంది. అందులో కోపం ఎంత ఉందో నాకు తెలియదు. తెలుసంటే మళ్ళీ కల్పించినట్టే అవుతుంది. ‘నా పోలికే’ అన్నప్పుడు మాత్రం ఆమె ముఖం వెలిగింది. అది నా కళ్ళతో చూశాను.

నీ నిద్ర చెడగొడుతున్నానని తెలుసు. ఇక నా ముఖం చూడనన్నా నేను కాదనలేను. కానీ నువ్వు దాచుకోబోయే కాగితం మీద అబద్ధం ఉండకూడదనిపించింది. నువ్వు అడిగినవి ఇవిగో, నా దస్తూరితో, విడిగా చింపుకోవడానికి వీలుగా అడుగున రాస్తున్నాను. నాతో అన్న మాటలే అయినా సగం నువ్వు తీసుకో అక్కయ్యా. ఆమె దగ్గరికి ఆలస్యంగా వచ్చింది నేనొక్కణ్ణే కాదు కదా.

‘తొందరేం లేదురా, నిదానంగా రా. నేనెక్కడికి పోతాను.’

ఇట్లు,
జవాబు కోసం గుమ్మంలోనే కూర్చునే
నీ తమ్ముడు