అమ్మ ఆట

నవంబరు, శుక్రవారం రాత్రి

కరోనా తగ్గి నాలుగేళ్ళు దాటినా ఈ ఆయాసం నన్ను వదల్లేదు. ఈరోజు గుడివాడ డాక్టరుగారు కూడా రిపోర్టులన్నీ తిరగేసి, "అంతా నార్మల్‌గానే ఉందమ్మా" అన్నారు. మా ఆయన ముఖం విప్పారింది. నాకు మాత్రం ఉన్న ఒక్క తలుపూ మూసేసినట్టయింది. జబ్బే లేదన్నాక ఇంకెవరికి చెప్పుకోను? గుడ్లవల్లేరులో బస్సు దిగి ఇంటికొచ్చి, ఎప్పటిలాగే రెండుసార్లు కూర్చుని మేడ మెట్లు ఎక్కాను.

సాయంత్రం మా హాసిని, కింది వాటా వాళ్ళ పాపతో అమ్మ ఆట ఆడుతోంది.

"నువ్వే కదా అమ్మవి, అన్నం వండవేంటి?" అంది ఆ పిల్ల.

"అమ్మలు ముందు కూర్చోవాలి. ఆయాసం తగ్గాక వండుతారు" అంటూ హాసిని గుండె మీద చెయ్యేసుకుని మెట్టు మీద కూలబడింది.

మా ఆయన నవ్వేశారు. నావల్ల కాలేదు. రాత్రి అన్నం పెడుతూ దానికి చెప్పాను. "నేను ఒకప్పుడు ఆటల టీచర్ని, తెలుసా? స్కూల్లో పిల్లలతో పాటు కబడ్డీ ఆడేదాన్ని."

"మరి ఎప్పుడు ఇలా అయిపోయావు?"

నాకు కరోనా వచ్చేనాటికి అది ఏడో నెల బిడ్డగా నా కడుపులో ఉంది. ఆ మాట చెబితే, అమ్మకి జబ్బు తనవల్లే వచ్చిందనుకోదూ? చెప్పకపోతే అమ్మలంటే ఇంతేననుకుంటుంది.

"చాలా రోజులైందిలే" అన్నాను.

"నేను పుట్టకముందా, పుట్టాకా?"

"ముందు అన్నం తిను."

అది ముద్ద చేతిలో పట్టుకుని, నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది.