ఫిర్యాదుల దారి మళ్లించాను

బుధవారం, అమలాపురం, 2003

కొబ్బరి వ్యాపారుల వెబ్‌సైట్‌ని పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో మొత్తం నేనే రాశాను. ఇవాళ చూస్తే అడుగున "తయారీ: శేషగిరి" అని ఉంది. అతను మా కంప్యూటర్ సెంటర్ ఓనరు గారి బావమరిది. సెంటర్లో నా పక్క కుర్చీలోనే కూర్చుంటాడు, పెర్ల్ ముక్క కూడా రాదు.

అడిగితే ఓనరు గారు నవ్వేరు. "మనలో మనకి పేర్లేంటండీ, అంతా ఇంట్లోవాళ్లమే కదా."

"ఆయ్" అన్నాను.

సైట్‌లో ఒక్కో పనికి ఒక్కో భాగం, అంటే మాడ్యూల్. ధర అడిగితే ధరల మాడ్యూల్‌కి, లారీ అడిగితే లారీల మాడ్యూల్‌కి, వచ్చినవాళ్లని ఎటు పంపాలో చెప్పే ఫైలు ఒక్కటే. అది నా చేతిలో ఉంది. సాయంత్రం అందులో ఒక్క లైను మార్చాను. ఇన్నాళ్లూ ఫిర్యాదు నొక్కితే నాకు వచ్చేది. ఇకనుంచి శేషగిరి సెల్ నంబరున్న పేజీ తెరుచుకుంటుంది. చేసినవాడే కదా జవాబు చెప్పాలి.

ధరల మాడ్యూల్ రోజూ పొద్దున్నే మొరాయిస్తుంది. ఎవరూ లేవకముందే నేను సరిచేసేవాణ్ని. రేపు చెయ్యను.

పాపం, కాయ దింపించుకుని ధర కోసం కూర్చున్న రైతు ఎవరైనా ఉంటే... ఏమో.

ఓనరు గారు నన్నే పిలుస్తారు. "ఆయ్, శేషగిరి గారు చూస్తారండీ" అంటాను, ఎంతో మర్యాదగా. రేపు సెంటర్‌కి పెందలాడే వెళ్లాలి. అతని ఫోను మొదటిసారి మోగేటప్పుడు పక్క కుర్చీలో నేనుండాలి.